కళ్లద్దాలక్కా, కనబడని బటనూ

కళ్లద్దాలక్క కోపంగా చూస్తే చాలు, కంప్యూటరు భయపడి దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుందని వీధిలో పుకారు. కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నమ్మనివాళ్లూ లేరు.

ఆవిడది ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కొట్టు. రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, ఒక మరిది. బ్రౌజరుకు ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు తోకలు తగిలించడం ఆ మరిదికి జబ్బు. రంగులు మార్చేదొకటి, ప్రకటనలు ఆపేదొకటి, వాన ఎప్పుడొస్తుందో చెప్పేదొకటి. అలాంటివి నాలుగొందలున్నాయి. పోనీ, పద్నాలుగు.

కుట్టు టీచరు ఉద్యోగానికి ఒకరోజు సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. ఏడేళ్లుగా ఆ ఉద్యోగం కోసం కాచుక్కూర్చున్న కుట్టుమిషనామె నాలుగింటికి రొప్పుతూ వచ్చింది. ఫారమంతా నింపారు. తీరా చూస్తే, 'పంపు' బటన్ ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ.

"బటనేదక్కా?"

"అదే వెతుకుతున్నా. ఏమయ్యా మరిదీ, నీ తోకల్లో ఏదో దాన్ని మింగేసింది!"

"నావేం చేశాయి వదినా? ఆ సైటే చెత్తది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!"

పద్నాలుగింట్లో దొంగెవరో తేల్చే వ్యవధి లేదు. అక్క ప్రైవేట్ విండో తెరిచింది. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు. మళ్లీ లాగిన్ అయితే, బటన్ పెళ్లికూతురిలా మెరుస్తూ కూర్చుంది! అక్క మొదటినుంచీ నింపింది. కీబోర్డులోంచి పొగలొచ్చాయి.

పేరు మన అక్షరాల్లో రాయాల్సిన గడి దగ్గర బండి ఆగింది. ఏం కొట్టినా ఇంగ్లీషే పడుతోంది. మన అక్షరాలు కొట్టిపెట్టేది కూడా ఎక్స్‌టెన్షనే మరి. అదీ మిగతావాటితో పాటు గుమ్మం బయటే ఉండిపోయింది.

"నా ఏడేళ్లూ గంగలో కలిశాయక్కా!" అంది కుట్టుమిషనామె.

"చూశావా వదినా, నావి లేకపోతే నీకు గడవదు."

"నోర్ముయ్యవయ్యా! పనున్నవాణ్ణి ఒక్కణ్ణి పిలుస్తా, నీ బలగాన్నంతా కాదు."

ఎక్స్‌టెన్షన్ల పట్టీ తీసి, అక్షరాలదానికి మాత్రమే ప్రైవేట్ విండోలోకి అనుమతినిచ్చింది. పేజీ మళ్లీ తెరిస్తే నింపినదంతా తుడిచిపెట్టుకుపోయింది. మూడోసారి నింపింది. ఈసారి పేరు గుండ్రంగా, ముత్యాల్లా పడింది. నాలుగూ యాభై తొమ్మిదికి బటన్ నొక్కింది. దరఖాస్తు నంబరు వచ్చేసింది!

కుట్టుమిషనామె వేసిన కేకకి పక్కవీధి కుక్కలు ఊరు వదిలిపోయాయి. మరిది ప్రింటరు వెనక నక్కాడు. నెల తిరక్కుండా ఆమె టీచరమ్మ అయింది. ఇప్పుడు ముప్పై మందికి కుట్టు నేర్పుతోంది.

మొన్న కొట్టు ముందు వరుసలో నిలబడ్డవాళ్లకి నేను ఈ కథంతా వినిపిస్తుంటే అక్క తలెత్తింది.

"ఒట్టి కోతలమ్మా! ఆ రోజసలు నేను కొట్టే తెరవలేదు."