రౌటరు పక్కన ఓ కునుకు

శేషగిరిరావుగారు ఏ వస్తువు విలువైనా దాని పక్కన పడుకుని ఓ నిద్ర తీస్తే గాని తేల్చరు. చేత్తో తట్టి చూడటం, ధర అడగటం, నలుగురినీ వాకబు చేయటం, ఇవన్నీ ఆయన దృష్టిలో తొందరపాటు మనుషుల పనులు. కొత్త ఫ్రిజ్ ఇంటికొస్తే దాని పక్కన నవారు మంచం వేయించారు. ట్రాక్టరు కొంటే దాని నీడలో చాప పరిపించారు. నూజివీడు నుంచి వ్యాపారి వచ్చి తోట కాపుకి బేరం చెబితే, "కాస్త ఉండండి" అని ఆ పెద్దమనిషి ఎదుటే పడక్కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నారు. వ్యాపారి చల్లటి మజ్జిగ తాగుతూ, గోడ మీది కేలండర్ చూస్తూ, తన బతుకు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాడు.

గురక వచ్చిందా, ఆ వస్తువు నెగ్గినట్టే. గురక రాలేదా, వచ్చిన దారినే వెళ్లిపోవాల్సిందే. లేచాక సాక్ష్యంగా కల కూడా చెబుతారు. ఫ్రిజ్ పక్కన పడుకున్న రోజున తోటంతా మంచు కురిసి, చిన్నరసాలన్నీ తెల్ల టోపీలు పెట్టుకుని కొమ్మల మీద కూర్చున్నాయట. ఆ కల ధర్మమా అని ఫ్రిజ్ ఇంట్లో ఉండిపోయింది.

"ఎందుకు మావయ్యగారూ ఇలా పడుకుని చూడటం?" అని కోడలు నిఖిత ఒకసారి అడిగింది.

"మనం కళ్లు తెరుచుకుని చూస్తున్నంతసేపూ మనిషైనా వస్తువైనా మర్యాదకి నటిస్తుందమ్మాయ్. మనం నిద్రపోయామనుకుంటే గాని అసలు సంగతి బయటపడదు."

నిఖితకి ఈ సంగతి ముందే అనుభవం. ఉంగుటూరులో వాళ్లింటికి పెళ్లిచూపులకొచ్చినప్పుడు ఆయన కాఫీ రాకముందే దివాన్ మీద ఒరిగి, కాఫీ వచ్చేసరికి ఇల్లు అదిరేలా గురకపెట్టారు. నిఖిత తండ్రి మొహం పాలిపోయింది. శేషగిరిరావుగారి భార్య ప్రమీలారాణి మాత్రం తాంబూలం పళ్లెం దగ్గరికి జరుపుకుని, "కంగారుపడకండి అన్నయ్యగారూ, సంబంధం ఖాయమైంది" అంది.

అలా రెడ్డిగూడెం దాటాక మామిడి తోటల నడుమ ఉన్న ఆ ఇంటికి నిఖిత కోడలై వచ్చింది. భర్త మురళీకృష్ణకి తోటల పని. వేసవి వస్తే కాయతోపాటు అతనూ లారీల మీదే ఉంటాడు. నిఖితకి హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం. ఇంటి నుంచే పని చేసుకోమన్నారు గాని, మేనేజరు శ్రీమన్నారాయణ ఒక మెలిక పెట్టాడు.

"వచ్చే సోమవారం క్లయింట్లకి డెమో మీరే ఇవ్వాలి నిఖితా. ఆ రోజు మీ లైను బాగుండాలి, మీ మాట వినబడాలి. లేదంటే ఇక్కడికొచ్చి కూర్చోవటమో, మానేయటమో మీరే తేల్చుకోండి."

వెళితే హాస్టలు గది. మానేస్తే చదివిన చదువంతా అటక మీదకి. నిఖితకి రెండూ ఇష్టం లేదు. ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. ఈ ఇల్లన్నా, మధ్యాహ్నం పూట అన్ని గదుల్లోకీ మెల్లగా పాకే మామిడిపండ్ల వాసనన్నా అప్పుడప్పుడే ఇష్టం మొదలవుతోంది.

అందుకని ఇంటికి ఇంటర్నెట్ పెట్టించారు. పాల్ రాజు అనే కుర్రాడు వచ్చి హాల్లో టీవీ పక్కన రౌటరు బిగించాడు. పచ్చ లైట్లు వెలిగాయి.

"స్పీడ్ టెస్ట్ చేశాను బాబాయిగారూ. సూపర్‌గా వస్తోంది."

"సంతోషం. నీ టెస్టు నువ్వు చేశావు. ప్రమీలా, మంచం వేయించు!"

"మంచం ఎందుకండీ?" అన్నాడు పాల్ రాజు బిత్తరపోయి.

"ఆయన టెస్టు ఆయన చేయొద్దూ?" అంది ప్రమీలారాణి, దిండు గలీబు మారుస్తూ.

"వైరు మాత్రం కత్తిరించకు నాయనా. ఇల్లంతా చుట్టొచ్చేంత వదులు" అని శేషగిరిరావుగారు మంచమెక్కి తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు.

హాల్లో మొదటి మీటింగు. ఓ పక్క రౌటరు పక్కన మావయ్యగారు. ఇంకో పక్క ఆయన అక్క సాయిలక్ష్మిగారు. ఆవిడ ఏటా ఆవకాయ రోజులకొచ్చి కాయలయ్యేదాకా ఉంటారు. ఒడిలో పళ్లెం పెట్టుకుని మామిడి ముక్కల్లో జీడి తీస్తున్నారు గాని, చూపంతా లాప్‌టాప్ మీదే.

"ఎవరమ్మాయ్ అతను?"

"మా మేనేజరండీ" అంది నిఖిత గుసగుసగా.

"పెళ్లయిందా?"

"అయిందండీ."

"మరి నీతో ఏం పని?"

నిఖిత గొంతు సగానికి దిగింది. నవ్వు రావలసిన చోట దగ్గింది. మాట మాటకీ "సారీ సార్, వినబడుతోందా అండీ" అంటోంది. చివరికి మేనేజరు, "నిఖితా, అక్కడ ఎవరైనా పడుకున్నారా?" అన్నాడు.

"అవునండీ. మా మావయ్యగారు. రౌటరు టెస్టింగ్‌లో ఉన్నారు."

తెర మీద మేనేజరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. లైను పోయిందనుకుని నిఖిత మళ్లీ సారీ చెప్పింది.

శేషగిరిరావుగారి తువ్వాలు కదల్లేదు. గురక కాదు కదా, ఈల కూడా రాలేదు. మీటింగు అయ్యాక లేచి కూర్చుని తల అడ్డంగా ఊపారు.

"లాభం లేదు. కల సగంలో ఆగిపోయి గుండ్రంగా తిరుగుతోంది. ఎంతసేపు చూసినా ముందుకెళ్లదే!"

మర్నాడు రౌటరూ మంచమూ వంటింటి వైపు వసారాలోకి వెళ్లాయి. అక్కడ ప్రమీలారాణిది వేరే ప్రేమ. కోడలు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని మీటింగు మధ్యలో పెసరట్టు పళ్లెం కెమెరా ముందుకి జరిపింది. హైదరాబాదులో ఎనిమిది మంది ఇంజనీర్లు ఆ పెసరట్టు వంక చూస్తూ మాట మరిచిపోయారు. పక్కనే కాయలు గ్రేడింగు చేస్తున్న ఆడవాళ్లు కెమెరాలో తాము పడుతున్నామో లేదోనని ఒక్కొక్కరే వంగి చూసి వెళ్లారు. నిఖిత కుర్చీలో కుంచించుకుపోయింది. తువ్వాలు కింద గురక లేదు.

"కలలో మన లారీ బయల్దేరింది గాని నూజివీడు చేరలేదు" అన్నారు శేషగిరిరావుగారు.

ఆ తరవాతి రోజున రౌటరుని కాయలు కోసే చిక్కంలో పెట్టి పెరటి మామిడికొమ్మకి వేలాడదీశారు. కింద మంచం, మంచం పక్కన బల్ల, బల్ల ముందు నిఖిత. ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు కారుతోంది. కోయిల కూడా సోమరిగా, గుర్తొచ్చినప్పుడల్లా ఒక కూత కూస్తోంది. కలలో కూర్చున్నట్టే ఉంది నిఖితకి. అంతలో ఒక పండు రాలి సరిగ్గా ఎంటర్ మీట మీద పడటంతో, సగం రాసిన మెయిలు క్లయింటుకి వెళ్లిపోయింది. కూలీలు పని ఆపి చుట్టూ చేరారు. "సారీ సార్... సారీ అండీ..." అంటూనే ఉంది ఆమె. మంచం మీద ఎప్పటిలాగే నిశ్శబ్దం.

"కలలో నేనే కొమ్మకి వేలాడుతున్నాను. ఎవరో చిక్కం పట్టుకొస్తున్నారు. ఇక్కడా కుదరదమ్మాయ్."

అలా రౌటరు ఇల్లు చుట్టొస్తూనే ఉంది. ఆదివారం వచ్చేసింది. నిఖితకి ఏడుపొక్కటే తక్కువ. తెల్లవారితే డెమో, ఇక్కడ ఇంకా మంచం ఎక్కడ వేయాలో తేలలేదు. ఆయనేమో అద్దెకి ఇల్లు చూసుకుంటున్నవాడిలా దిండు చంకన పెట్టుకుని తిరుగుతున్నారు. కోపమొచ్చి రౌటరుని తనే తీసుకెళ్లి హాల్లో మళ్లీ తగిలించి, ఫోనులో స్పీడ్ టెస్ట్ చేసింది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. వసారాలోకి నడిచి చూసింది. అక్కడా నిండుగానే ఉన్నాయి. సిగ్నల్లో ఏ లోపమూ లేదు. మరి ఈ వారమంతా ఏమిటీ ఊరేగింపు? ఈ మాట మొహం మీదే అడిగేయాలని విసురుగా వెనక్కి వెళ్లింది.

ఆ ఇంటి వెనక కొసన పళ్లు మాగబెట్టే గది ఉంది. మందపాటి గోడలు, నేలంతా వరిగడ్డి, గడ్డి కింద రసాలు. వేసవిలో ఇంటి మొత్తానికి చల్లటి చోటు అదొక్కటే. మధ్యాహ్నం పూట అది శేషగిరిరావుగారి నిద్రగది. ఆ వేళప్పుడు అటువైపు ఎవరూ వెళ్లకూడదని ఇంట్లో వాడుక. ఆ తలుపు దగ్గర ఆయన తన మంచాన్ని బయటికి లాక్కుంటున్నారు. లోపల గడ్డి ఒక మూలకి సర్ది, కిటికీ కింద బల్లా కుర్చీ వేసి ఉన్నాయి.

"రౌటరు పట్రా అమ్మాయ్. ఇక్కడే" అన్నారు.

నిఖిత నోరు తెరిచేలోపే సాయిలక్ష్మిగారు వచ్చేశారు.

"అదేంట్రా శేషూ, ఆడపిల్ల గదిలో తలుపేసుకుని మగాళ్లతో మాట్లాడటమా?"

"నేను మాత్రం ఏం చేసేది అక్కా? ఆ మిషనుకి చల్లదనం కావాలి. పైగా తలుపు తీసి ఉంచితే సిగ్నలంతా బయటికి పోద్ది."

"బయటికి పోద్దా?"

"పోదూ మరి? నెలనెలా బిల్లు కట్టేది మనం. వాడుకునేది దారినపోయేవాళ్లు."

సాయిలక్ష్మిగారు ఆవకాయ గిన్నెలో ఆవపిండి కూడా వదలకుండా అన్నం కలుపుకునే మనిషి. దండగ అన్న మాట వింటేనే ఆవిడకి నిద్ర పట్టదు. ఆలోచించారు. మొహం మారింది.

"మరి అలా నిలబడతావేం అమ్మాయ్? పోతోంది, తలుపెయ్యి!"

సోమవారం నిఖిత ఆ గదిలో కూర్చుంది. రౌటరు గూట్లో పచ్చగా మినుకుమంటోంది. గడ్డి కింద పళ్లు మాగుతున్న వాసన గదిలో చిక్కగా, తియ్యగా నిలిచిపోయింది. లోకం ఎక్కడో దూరాన ఎండలో ఉంది. తలుపు వెలుపల కాలి చప్పుడైనప్పుడల్లా, "అటు పోకండి, సిగ్నలు పోద్ది!" అని సాయిలక్ష్మిగారి గొంతు గదమాయిస్తోంది.

"వినబడుతోందా అండీ?" అని మొదలుపెట్టింది నిఖిత. వినబడుతోందన్నారు. ఆ తరవాత ఆ మాట అడగటమే మరిచిపోయింది. గొంతు దానంతటదే లేచింది. క్లయింటు ఒకాయన తప్పుపడితే, కాదు, ఇది ఇలాగే ఉండాలని వాదించింది. ఆయన జోకు వేస్తే పకపకా నవ్వింది. ఆ నవ్వు గడ్డిలోకీ గోడల్లోకీ వెళ్లి తిరిగొచ్చినట్టనిపించి ఆమెకే ఆశ్చర్యమేసింది. డెమో అయ్యాక శ్రీమన్నారాయణ, "ఇన్నాళ్లూ మాట్లాడింది మీరేనా? హైదరాబాదు రానక్కర్లేదు, అక్కడే ఉండండి" అన్నాడు.

గంతేసి తలుపు తీసింది. బయట వసారాలో, వడగాలిలో, కిటికీకి ఆనించి మంచం. దాని మీద తడి తువ్వాలు కప్పుకుని శేషగిరిరావుగారు. చెమటతో బనీను వీపుకి అంటుకుపోయింది. గురక లేదు.

"ఒక్కసారే సారీ చెప్పావు. అదీ తుమ్మొచ్చినప్పుడు" అంది తువ్వాలు.

"మీరు నిద్రపోలేదా మావయ్యగారూ?"

"నువ్వు మాట్లాడిందాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు మాత్రం తెలిసింది."

"హాల్లో సిగ్నల్ బాగానే ఉంది. నేను నిన్న చూశాను."

"ఉంటుందమ్మా. అది ఎక్కడ పెట్టినా పనిచేస్తుంది. నేను చూసింది దాన్ని కాదుగా."

ఆయన తువ్వాలు తీసి కోడలి వంక చూశారు.

"మీ ఉంగుటూరులో నేను పడుకున్నాననుకుని నువ్వు లోపల మీ వాళ్లతో ఇలాగే నవ్వావు. ఇల్లు దద్దరిల్లింది. ఆ నవ్వు విన్నాకే నాకు గురక పట్టింది. మా ఇంటికొచ్చాక అదెక్కడ పోయిందో తెలియలేదు. ఏ గదిలో దొరుకుతుందా అని మంచమేసుకుని వెతుకుతున్నాను."

నిఖితకి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. "ఇంత ఎండలో మీరిక్కడ ఎలా పడుకుంటారు? ఆ గది మీది కదండీ."

"ఇకనించి నాకిదే బాగుంటుందేమో. పడుకుని చూడాలి" అని శేషగిరిరావుగారు అటు తిరిగి తువ్వాలు కప్పుకున్నారు.

నిఖిత హాల్లోంచి పెద్ద టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి ఆయన తల దగ్గర పెట్టింది. నీళ్లచెంబు అందేచోట ఉంచింది. మళ్లీ గదిలోకెళ్లి, సిగ్నలు పోకుండా తలుపేసుకుని, సాయంత్రం మీటింగుకి కూర్చుంది. మాటలు సగంలో ఉండగా గోడ అవతల ముందు సన్నటి ఈల మొదలైంది. అది మెల్లగా బొంగురై, ట్రాక్టరై, చివరికి లోడు లారీ గట్టెక్కుతున్నంత చప్పుడైంది. బల్ల మీది నీళ్లగ్లాసు వణికింది.

"నిఖితా, ఏంటా శబ్దం?" అన్నాడు శ్రీమన్నారాయణ. "ఏదైనా ప్రాబ్లమా?"

నిఖిత వేలు మ్యూట్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"లేదు సార్, మా రౌటరే. ఇప్పుడే పాసైంది" అంది, ఇల్లంతా వినబడేలా నవ్వుతూ.