నంబర్లు లేని మంద

ఇంజనీరింగ్ అయిపోయాక అచ్చంపేట నుంచి హైదరాబాద్‌కు మొదటి ఇంటర్వ్యూకి వెళ్లాను. సొంత ప్రాజెక్టు చూపించమన్నారు. మా బాపు గొర్రెల్లో దేనికి టీకా వేయించారో గుర్తుపెట్టుకునే యాప్ చూపించాను. ప్రతి గొర్రె ఫొటో కింద బాపు పిలిచే పేరుంది: నల్లచెవులది, బొల్లిమొకంది.

"నంబర్లేవమ్మా? కోడ్ రాసే ఏఐ కూడా ఈ తప్పు చేయదు," అన్నాడు ఇంటర్వ్యూ చేసే ఆయన. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అక్కడే బాపుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"బాపూ, గొర్లకు పేర్లు తీసి నంబర్లు పెట్టమంటున్నరు."

"మొకం చూస్తె ఎరుకైతది గద బిడ్డా. నిన్ను నేను నంబరు పెట్టి పిలుస్తున్ననా?"

ఇంటర్వ్యూ చేసే ఆయన నా రెజ్యూమె పక్కన పెట్టి, తర్వాతి వాళ్లను పిలవమన్నాడు.

ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు వేరే కంపెనీలో, ఐడీ కార్డు మీద, నాకూ ఒక నంబరుంది. బాపు గొర్రెలకు మాత్రం లేదు. నేను పెట్టను.