మా పటాలంలో ‘ఏటి’ అనే మాట

పోయిన నెల విజయనగరం స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉండగా, టీ కేకల మధ్య ఒక మాట చెవిన పడింది. ట్రంకుపెట్టె మీద కూర్చున్న జవాను ఒకడు ఫోన్లో ఎవరికో హిందీలో చెబుతున్నాడు, బయలుదేరే ముందు ఒకసారి ‘ఏటి’ కొట్టమని. మనిషి రాజస్థాన్ వైపు వాడు, తెలుగు ముక్క రాదు. ఫోన్ పెట్టేశాక ఆ మాటకు అర్థమేమిటని అడిగాను. “ఆర్డర్ సరిగ్గా వినపడకపోతే మళ్ళీ అడగడం సార్. మా ఫౌజీ మాట, ఎప్పటినుంచో ఉంది,” అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ మాట పుట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను. అంతకు ముందు అది సైన్యంలో మాట కాదు, ఒక మనిషి ముద్దుపేరు.

ఆయన హవల్దార్ అప్పన్న, పాతపట్నం దగ్గర పల్లెవాడు. హిందీ బాగానే వచ్చు. కానీ ఎవరు పిలిచినా ముందు నోటి నుంచి వచ్చేది మా యాసలో “ఏటి?” అనే, అంటే ఏమిటని. వంటవాడు పిలిచినా అదే, కల్నల్ గారు పిలిచినా “ఏటి సాబ్?” అనే. ఉత్తరాది జవాన్లకు అది తమాషాగా తోచి, ఆయనకే ‘ఏటి’ అని పేరు పెట్టేశారు. ఆయన ఏమీ అనుకోలేదు. పిలిస్తే పలికేవాడు.

నేను ఆయన ప్లటూన్‌కి వెళ్ళేటప్పటికి నోరు కట్టేసుకున్న మనిషిని. మాది రాజాం పక్క ఊరు. శిక్షణలో వేరే జిల్లాల తెలుగువాళ్ళు నా యాసను అనుకరించి నవ్వేవారు. దాంతో పుస్తకాల భాష పట్టుకున్నాను. అసలు మాట్లాడకుండా తల ఊపేస్తే ఇంకా సుఖమని కూడా కనిపెట్టాను. మొదటిరోజే అప్పన్న నన్ను పట్టేశాడు.

“ఏ ఊరురా?”

“రాజాం సమీపంలోనండి.”

“సమీపమేటి? మీ అమ్మతోనూ ఇలాగే మాటాడతావేటి?” అంటూ పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. సాయంత్రం తన పళ్ళెంలోంచి ఎండుచేపల కూర నా పళ్ళెంలో వేసి, “తిను. మనూరి సేపే,” అన్నాడు.

ఆ చలికాలం మేం కొండల మీద ఉన్నాం. పదకొండు మందిమి గస్తీకి వెళ్ళి తిరిగి దిగాలి. వైర్‌లెస్ సెట్ నా దగ్గరుంది. ఏ దారిన దిగాలో కింద నుంచి కెప్టెన్ గారు చెప్పారు. గరగరల్లో ‘తూర్పు లోయ’ అన్నంతవరకే నాకు వినిపించింది. అంతకు ముందురోజే మళ్ళీ అడిగినందుకు ఆయన చేత తిట్లు తిన్నాను. అందుకని “సరే సార్” అనేశాను.

అప్పన్న నా ముఖంలోకి చూశాడు. “ఏటన్నారు?”

“తూర్పు లోయ.”

“ఇన్నావా, అనుకున్నావా?”

ఆయన సెట్ తీసుకుని “ఏటి సాబ్?” అన్నాడు. గరగర. “ఏటి సాబ్?” అన్నాడు మళ్ళీ. అటునుంచి కెప్టెన్ గారి కోపం మాత్రం స్పష్టంగా వినిపించింది. అయినా మూడోసారీ అదే అడిగాడు. అప్పుడు తెలిసింది, తూర్పు లోయలోకి వెళ్ళొద్దు, అక్కడ మంచు వదులైంది, పడమటి గట్టు మీదుగా రమ్మన్నారని.

గట్టు సగం దిగామో లేదో, కొండ గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. మంచు విరిగిపడి తూర్పు లోయ తెల్లటి పొగలో మునిగిపోయింది. పదకొండు మందిమీ అలా చూస్తూ నిలబడిపోయాం.

అప్పన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. “ఇనపడకపోడం తప్పు కాదురా. ఇనపడిందన్నావు సూడు, అదే తప్పు. మల్లీ అడగడానికి సిగ్గేటి?” అన్నాడు. నా సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనే కెప్టెన్ గారి ముందు నిలబడి చెప్పేశాను. ఆయన మర్నాడు అందరినీ వరసలో నిలబెట్టి, ఇకమీదట ఏ కబురు తెలియకపోయినా ‘ఏటి’ అనమని, అన్నవాణ్ణి ఎవరూ తిట్టరాదని ఆజ్ఞ ఇచ్చారు. “మొన్న తిట్టింది నేనే,” అని కూడా అన్నారు.

ఇక చూడాలి! పంజాబీలు, గూర్ఖాలు, తమిళులు అందరి నోటా అదే. బండి కదిలే ముందు, కబురు మళ్ళీ అడిగి చూసుకున్నావా అనడానికి, “ఏటి అయిందా?” అని అడిగేవారు. భోజనాల దగ్గర ఇంకో గరిటె కావాలన్నా “ఏటి!” అని పళ్ళెం చాపేవారు. బదిలీ మీద వెళ్ళినవాళ్ళు వెంట తీసుకుపోయారు. అప్పన్న మాత్రం, “నా పేరు మీద కూర కూడా ఎక్కువ తినేస్తన్నారు,” అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు సెలవుకి వచ్చినప్పుడు గడపలోనే “ఏటమ్మా, ఏటొండేవు?” అన్నాను. మా అమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చి, “ఇన్నాల్లకి మావోడిలాగ మాటాడతన్నావు,” అని నా చెంపలు నిమిరింది.

ఇప్పుడు అప్పన్న ఊళ్ళో జీడితోట చూసుకుంటున్నాడు. నేనూ పటాలం వదిలి, గరివిడిలో లోహం కరిగించే ఫ్యాక్టరీలో షిఫ్ట్ చూస్తున్నాను. కొలిమి హోరులో మాట తెలియకపోతే చేతిలో పని ఆపేసి, మళ్ళీ అడుగుతాను. అప్పటికీ తెలియకపోతే ఇంకోసారి అడుగుతాను. కొత్తగా చేరినవాళ్ళు నాకు చెవుడనుకుంటారు. అనుకోనీ.