ఆపరేషన్ అయిన కడుపు, వియ్యాలోళ్ల మటన్

ఛాతిల మంట పోవాలని ఆపరేషన్ చేయించుకున్న. ఈ పరాయి రాష్ట్రంల గూడ డాక్టరమ్మ మన తెలుగామెనే దొరికింది. పొట్ట పైభాగాన్ని అన్నం గొట్టం చుట్టూ మఫ్లర్ లెక్క చుట్టి కుట్టిందట, కడుపుల పుల్లటి నీళ్లు పైకి రాకుండ. నిజంగనే రాలే. ఏండ్ల సంది దిండ్లకు ఒరిగి పండుకున్నోన్ని, హాయిగ వెల్లకిల పండుకున్న. కానీ మంటతోని పాటు తేన్పు కూడా బందయింది! మింగిన గాలి మీదికి రాదు, లోపల్నే తిరుగుతది. పొట్ట మునుపటి లెక్క సాగదట, నాలుగు బుక్కలకే నిండుతది. "కొద్దికొద్దిగ నమిలి తినున్రి, సోడా జోలికి పోకున్రి" అన్నది డాక్టరమ్మ. బట్టలు నేసే సాంచెల కాడ ఉరుకులాటల మింగెటోనికి నములుడు నేర్పుడంటే మాటలా?

గప్పుడే బార్డోలీల ఉండే వియ్యాలోళ్లు భోజనానికి పిలిచిన్రు. బిడ్డ పెండ్లయినంక మొదటిసారి పోవుడు. వియ్యంకుడు చక్కెర మిల్లుల చేస్తడు, మంచోడే. వియ్యపురాలంటేనే నాకు గుబులు. పెండ్లిల ఆమె గొంతు ముంగట బ్యాండు వినపడలే. ఆ ఇంట్ల నా బిడ్డకు నోరు విప్పే ధైర్యం ఉన్నదా? ఫోన్ల అడిగితే "మంచిగున్న బాపూ" అంటది. నాకు నమ్మబుద్ధి కాదు.

మేముండే ఉధ్నాల బస్సెక్కేటప్పుడు, సాగనంపొచ్చిన నా భార్య "ఆపరేషన్ సంగతి ముందే చెప్పు" అన్నది.

"వియ్యాలోళ్ల ముంగట రోగిష్టోని లెక్క కూసోవాల్నా? నువ్వు జర ఊకో!" అని కసిరిన. అత్తగారింట్ల చెప్పొద్దని బిడ్డకు గూడ ముందే ఫోన్ల చెప్పిన.

ఆడ బగారన్నం, మటన్ వడ్డించిన్రు. వియ్యాలోళ్ల ఇంట్ల పళ్లెంల మిగిలిస్తే పెట్టినోళ్లను చిన్నబుచ్చినట్టే మనకాడ. తిన్న. వియ్యపురాలు "గింతేనా అన్నా?" అనుకుంట మళ్ల పెట్టింది. మళ్ల తిన్న. కడుపు డప్పు లెక్క బిగుసుకున్నది, చెమటలు వట్టినయి. తేన్పు రాదు, కక్కుదామన్నా రాదు. నా మొఖం చూసి వియ్యంకుడు సోడా సీస తెచ్చిండు. "తాగు బావా, అరుగుతది."

"వద్దు!" వంటింట్లకెల్లి నా బిడ్డ ఉరికొచ్చింది. "బాపుకు ఆపరేషన్ అయింది అత్తమ్మా. ఇంక ఒక్క బుక్క కూడా పెట్టకు."

అత్తమీద గంత గట్టిగ అరిసింది, ఇగ దీని పని అయిపోయిందనుకున్న.

వియ్యపురాలు గంటె గిన్నెల పడేసింది. నా పళ్లెం అవుతలికి జరిపింది. మొగని దిక్కు తిరిగి, "కోడలు వద్దంటుంటే ఇంకా ఆ సీస పట్టుకొని నిలవడ్డవేంది? అవుతల పెట్టు!" అని గదిమింది.

ఆయన దబ్బున పెట్టిండు. నాకు ఊపిరాడుతలేదు గానీ, సంతోషంతోని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ ఇంట్ల నా బిడ్డ మాట నడుస్తున్నది.