మనల్ని ఓడించిన జట్టు గెలవాలని

అది 2023 చలికాలం, ఊరు కివీల దేశంలోని హామిల్టన్. ఇక్కడి చలికాలం మన దగ్గర ఎండాకాలం సెలవులిచ్చే నెలల్లో మొదలవుతుంది. స్కూళ్ళ మధ్య ఆటల పోటీలు నడిపే ఒక ఆఫీసులో నేను కాంపిటీషన్ కోఆర్డినేటర్‌ని. హోదా పేరు బారెడు, పని జానెడు: ఏ జట్టు ఏ జట్టుతో, ఎప్పుడు, ఏ గ్రౌండులో ఆడాలో తేల్చడం. ఆ పట్టికను ఇక్కడ డ్రా అంటారు. డ్రా వేసేవాళ్ళకు స్నేహితులు మిగలరు. సులువైన జట్లు పడినవాళ్ళు అదంతా తమ గొప్పే అనుకుంటారు, గట్టి జట్లు పడినవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివి, ఇక్కడికి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదవడానికి వస్తున్నానంటే మా మేనమామ "పీటీ సార్ పనికి గింత దూరం పోవుడెందుకు బిడ్డా" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే మా పీటీ సార్‌ని శనివారం పొద్దున్నే నిద్రలేపి తిట్టే తల్లిదండ్రులు ఉండేవారు కాదు.

ఇక్కడ కాలేజీ అంటే హైస్కూలే. ఆ ఏడాది అమ్మాయిల కాలేజ్ ఫుట్‌బాల్‌కి పన్నెండు జట్లు వచ్చాయి. వానలకు గ్రౌండ్లు మూసేస్తారు, మధ్యలో పరీక్షలు, సెలవులు. అందరూ అందరితో ఆడేంత చలికాలం లేదు కాబట్టి ఒక్కో జట్టుకు ఏడు మ్యాచ్‌లే. గెలిస్తే మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. పైనున్న నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి వెళ్తాయి. తిరకాసు ఇక్కడే ఉంది. ఏడుగురు బలహీనులను ఓడించిన జట్టూ, ఏడుగురు బలవంతులతో తలపడిన జట్టూ ఒకే పట్టికలో పక్కపక్కనే కూర్చుంటాయి.

ఎంట్రన్స్ పరీక్ష పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఇంకో పేపరు పెట్టినప్పుడు, కష్టమైన పేపరు వచ్చినవాళ్ళకు నార్మలైజేషన్ అని మార్కులు సర్దుతారు కదా. అలాంటిదేదో ఇక్కడా ఉండాలని సీజన్ మొదలవకముందే మా కమిటీలో పట్టుబట్టాను. తెలుగువాళ్ళకైతే ఒక్క ముక్కలో అర్థమయ్యేది. వాళ్ళకు విప్పి చెప్పేసరికి నా టీ చల్లారింది. చివరికి సగానికి ఒప్పుకున్నారు. పాయింట్లు ముట్టుకోకూడదు. రెండు జట్ల పాయింట్లు సమానమైతే మాత్రం, ఒక్కో జట్టు ఆడిన ప్రత్యర్థులందరి పాయింట్లూ కూడి, ఎవరి మొత్తం పెద్దదైతే వాళ్ళను పైన పెట్టాలి. దీన్ని స్ట్రెంగ్త్ ఆఫ్ షెడ్యూల్ అంటారు. అదీ సమానమైతేనే గోల్ డిఫరెన్స్, అంటే వేసిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసిన లెక్క.

ఏడు మ్యాచ్‌లలో ఐదు నేను వేస్తాను. మిగిలిన రెండూ ఎవరితో ఆడాలో జట్లే కోరుకుంటాయి, వీటికి ఛాలెంజ్ రౌండ్ అని పేరు. లోకంలో తెలివైనవాళ్ళంతా ఇక్కడ బలహీనమైన జట్లను కోరుకుంటారు. ఆ ఏడాది ఒక్క జట్టు మాత్రం పోయిన ఏడాది మొదటి, రెండో స్థానాల్లో నిలిచిన జట్లనే కోరుకుంది. అది ఊరి చివర ఒక చిన్న స్కూలు, ఆకుపచ్చ జెర్సీలు. సెమీఫైనల్ ముఖం ఎన్నడూ చూడని జట్టు. ఎవరో మహా ధైర్యవంతులనుకుని ఆ రెండు మ్యాచ్‌లూ వేసేశాను.

ఆ ధైర్యవంతురాలు మేరీ ఆంటీ. గుంటూరు దగ్గరి మనిషి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. కూతురు జాయిస్ ఆ జట్టుకు గోల్‌కీపరు, స్కూల్లో అదే ఆఖరి ఏడు. మేనేజర్ పనికి ఇంకెవరూ ముందుకు రాకపోతే ఆంటీ చెయ్యెత్తారు. మేనేజర్ అంటే జెర్సీలు ఉతకడం, నారింజ పళ్ళు కోయడం, మా ఆఫీసు ఈమెయిళ్ళకు జవాబివ్వడం. తెలుగువాళ్ళ కూటాల్లో నాకు ముఖపరిచయం.

మొదటి ఛాలెంజ్ మ్యాచ్‌లో ఆకుపచ్చ జట్టు నాలుగు గోల్స్ తిన్నది. రెండోది నీలం జెర్సీల జట్టుతో. పోయిన ఏడాది విజేతలు, ఆ సీజన్లో అప్పటికి వాళ్ళ మీద ఒక్కరూ గోల్ వేయలేదు. వాళ్ళ కెప్టెన్ హానా ఒక్కతే మూడు కొట్టింది. స్కోరు ఆరు-సున్నా. సోమవారం మేరీ ఆంటీ డ్యూటీ దిగి, యూనిఫాంతోనే మా ఆఫీసుకు వచ్చారు.

"అమ్మాయ్, ఆ రెండు మ్యాచ్‌లూ లెక్కలోంచి తీసెయ్యి."

"ఎట్ల తీస్తం ఆంటీ? ఆడి ఓడిపోయినరు కదా."

"అవి ప్రాక్టీసు అనుకున్నానమ్మా. కాలేజీలో గ్రాండ్ టెస్టులు పెట్టేవాళ్ళు కాదూ, అసలు పరీక్షకంటే కష్టంగా? అక్కడ వాతలు పడితే పడ్డాయి, అసలు పరీక్ష సులువైపోద్ది. నేనూ మా తమ్ముడూ అలాగే గట్టెక్కాం. ఎవరితో ఆడతారో మీరే ఎంచుకోండి అంటే గ్రాండ్ టెస్టే అనుకోనా మరి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఇంత చక్కగా ఆలోచించి ఇంత పెద్ద పొరపాటు చేయడం మనవాళ్ళకే చెల్లింది. ఏ కివీ తల్లీ ఈ పని చేయదు.

"ఇంకో మాట," ఆంటీ గొంతు తగ్గింది. "ఆ జట్లను మీ ఆఫీసే అంటగట్టిందని పిల్లలు అనుకుంటున్నారు. నిన్ను బాగా తిట్టుకుంటున్నారు. నేను నోరు విప్పలేదు."

"ఇప్పుడు విప్పున్రి ఆంటీ. నా కొరకు కాదు. రేపు వేరేవాళ్ళ నోట వింటే జాయిస్‌కి ఎట్లుంటది?"

ఆంటీ ఆ సాయంత్రమే చెప్పేశారు. పది గోల్స్ తిన్న జాయిస్ "మమ్, యూ చోజ్ దెమ్?" అని ఒక్క మాటంది. ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. అన్నం వడ్డిస్తే తింటుంది, కార్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటుంది. "తిట్టినా బాగుండును" అని ఆంటీ నాకు ఫోన్ చేసి బాధపడ్డారు. నాకు జాలేసింది. కానీ డ్రా వేసే మనిషిని, ఆవిడ కోసం వేలు కూడా కదపకూడదు.

అయితే ఆ పిల్లలు మొండిఘటాలు. మిగతా మ్యాచ్‌లు వరసగా గెలుచుకుంటూ వచ్చారు. ఆఖరి శనివారానికి పట్టికలో మొదటి మూడు స్థానాలూ ఖాయమైపోయాయి. నాలుగో స్థానం కోసం మిగిలింది ఇద్దరే, మన ఆకుపచ్చ జట్టూ, టౌరంగా నుంచి వచ్చే పసుపు జెర్సీల జట్టూ. పసుపు వాళ్ళ మ్యాచ్‌లన్నీ ముందే అయిపోయాయి. వాళ్ళు ఛాలెంజ్ రౌండ్లో ఇద్దరు బలహీనులను ఎంచుకుని గోల్స్ కుప్పలు పోశారు, గోల్ డిఫరెన్స్‌లో వాళ్ళ దరిదాపుల్లోకి ఎవరూ రాలేరు.

శనివారం పొద్దున ఆకుపచ్చ జట్టు తన ఆఖరి మ్యాచ్ గెలిచి పసుపు వాళ్ళతో పాయింట్లు సమం చేసింది. ఇక స్ట్రెంగ్త్ ఆఫ్ షెడ్యూల్ చూడాలి. ఇద్దరు మేనేజర్లూ నాకు పరిచయమే కాబట్టి ఆ కూడిక నేను ముట్టుకోకుండా మా కమిటీ అధ్యక్షుడికి అప్పగించాను. ఆయన రెండుసార్లు కూడి చెప్పాడు. నేను ఆకుపచ్చకు వేసిన ఐదు జట్లలో ఇద్దరు అట్టడుగున ఉన్నారు, పసుపుకు మాత్రం గట్టివాళ్ళే పడ్డారు, అందుకే ఆ రెండు గట్టి జట్లతో ఆడి కూడా వాళ్ళ మొత్తం ఒక్క పాయింటు వెనకబడింది. ఇంకా ఆడాల్సిన మ్యాచ్ ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నం నీలం జట్టుకూ, ఎర్ర జెర్సీల జట్టుకూ. ఎర్ర వాళ్ళతో మన రెండు జట్లూ ఆడలేదు. ఈ రెండింట్లో నీలంతో ఆడింది ఆకుపచ్చ ఒక్కటే. అంటే నీలం గెలిస్తే వాళ్ళకొచ్చే మూడు పాయింట్లూ ఆకుపచ్చ మొత్తంలో కలుస్తాయి, సెమీస్ దక్కుతుంది. సమమైతే చాలదు, గోల్ డిఫరెన్స్ మీద పసుపు వెళ్తుంది.

ఇద్దరు మేనేజర్లకూ ఇదే సంగతి, ఇవే మాటల్లో ఫోన్ చేసి చెప్పాను. మేరీ ఆంటీ లెక్క మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు.

"అంటే మన మీద ఆరు కొట్టినోళ్ళు గెలవాలా?"

"అవునాంటీ."

"శత్రువుల కోసం ప్రార్థన చెయ్యమన్నాడు ప్రభువు. ఇంత అవసరం పడుద్దని అనుకోలేదమ్మా."

మధ్యాహ్నం నేను గ్రౌండుకు వెళ్ళేసరికి సన్నగా వాన. సైడ్‌లైన్ పక్కన ఆకుపచ్చ జట్టు మొత్తం, బురద జెర్సీల మీద కోట్లు వేసుకుని నిలబడి ఉంది. మేరీ ఆంటీ చికెన్ పకోడీ ట్రే పట్టుకుని వచ్చారు. జాయిస్ తల్లికి కాస్త దూరంగా నిలబడింది. ఎదురు వైపు పసుపు జట్టు మేనేజర్ బ్రెంట్, పెద్ద గొడుగుతో. ఎర్ర జట్టును ఉత్సాహపరచడానికి పాపం కొండ దారంతా డ్రైవ్ చేసుకుని వచ్చాడు.

నీలం జట్టుకు ఆ మ్యాచ్ గెలవాల్సిన పనే లేదు, మొదటి స్థానం ఎప్పుడో ఖాయం. సగం మందికి విశ్రాంతి ఇచ్చారు. హానా బెంచీ మీద జాకెట్ కప్పుకుని కబుర్లు చెబుతోంది. సగం ఆట అయ్యేసరికి సున్నా-సున్నా. ఆంటీ పకోడీలు చల్లారిపోతున్నాయి. చివరికి జాయిస్ గోల్‌కీపర్ గొంతు విప్పి "గో బ్లూస్" అని అరిచింది. మిగతా పిల్లలు అందుకున్నారు. నీలం జట్టులో ఆడుతున్న పిల్లలు కూడా ఆట మధ్యలో తలలు తిప్పి చూశారు.

హానా లేచి ఫెన్స్ దగ్గరికి వచ్చింది. "మేం ఆరు గోల్స్ కొట్టింది మీకే కదా? మాకోసం అరుస్తున్నారేంటి?"

జాయిస్ లెక్క విప్పి చెప్పింది. హానా పకపకా నవ్వింది. "మంచిదే. సెమీస్‌లో నాలుగో జట్టు పడేది మాకే. మీరైతే మాకు ఈజీ." జాకెట్ తీసి జాయిస్ చేతికిచ్చి, నేరుగా వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళింది. కాసేపట్లో ఆటలోకి దిగింది.

బ్రెంట్ నా దగ్గరికి వచ్చాడు. "ఇది సరైనదేనా?" అని అడిగాడు. గెలవడానికి ఒక జట్టు తన మంచి ఆటగత్తెను దింపడం ఏ రూల్లోనూ తప్పు కాదని చెప్పాను. "అదీ నిజమే" అని ఒప్పుకుని, ఆంటీ ఇచ్చిన పకోడీ నములుతూ ఎర్ర జట్టు కోసం ఇంకా గట్టిగా అరిచాడు. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, పెదాలు బిగించి నిలబడ్డాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన పని మళ్ళీ చేయలేదు.

రెఫరీ గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు ఎడమవైపు నుంచి బంతి వచ్చింది, హానా తల తాకించింది. ఒకటి-సున్నా. ఆకుపచ్చ పిల్లలు బురదలో ఒకరి మీద ఒకరు పడ్డారు. జాయిస్ హానా జాకెట్ వదలకుండానే పరుగెత్తుకొచ్చి తల్లిని కౌగిలించుకుంది. ట్రే కింద పడింది. "మమ్, యూ చోజ్ దెమ్," అంది మళ్ళీ, ఈసారి నవ్వుతూ, ఏడుస్తూ. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు, ఇక్కడ ఓడించినవాళ్ళే తీర్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి. వాన కదా, ఎవరూ పట్టించుకోలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. గట్టి జట్లతో ఆడటం మంచిదేనా అని కోచ్‌లు ఇప్పటికీ అడుగుతారు. నిజం చెప్పాలంటే అది ఖరీదైన బేరం. ఓడితే పాయింట్లు అప్పటికప్పుడే పోతాయి, స్ట్రెంగ్త్ ఆఫ్ షెడ్యూల్ మాత్రం సమానమైనప్పుడే అక్కరకొస్తుంది. ఆంటీ బలహీనులను ఎంచుకుని ఉంటే ఆ శనివారం ఇంత గుండెదడ ఉండేది కాదు. అయితే ఏ పట్టికా పట్టుకోలేని లాభం ఒకటుంది. అది సెమీఫైనల్లో చూశాను.

ఈజీ అన్న హానాకు ఆ రోజు చెమటలు పట్టాయి. ఆమె ఎటు కొడుతుందో జాయిస్‌కి ముందే తెలిసినట్టుండేది, ఒకసారి ఆరు తిన్న పిల్ల కదా. ఆకుపచ్చ జట్టు ఒక గోల్ వేసింది, ఆ సీజన్ మొత్తంలో నీలం మీద పడిన మొదటి గోల్. చివరి నిమిషాల దాకా ఒకటి-ఒకటి. ఆఖరికి నీలమే రెండు-ఒకటితో గట్టెక్కింది. ఓడిన పిల్లలు గెలిచినంత సంబరంగా మైదానం చుట్టూ తిరిగారు, ఆ గోల్ కొట్టిన పిల్లను భుజాల మీద ఎక్కించుకుని.

హానా మోకాళ్ళ దాకా బురదతో మేరీ ఆంటీ దగ్గరికి వచ్చి, మొహమాటంగా అడిగింది. "వచ్చే శనివారం ఫైనల్. మీరంతా మళ్ళీ వస్తారా?"

ఆంటీ ఆ పిల్ల నుదుటి మీది బురద తన స్కార్ఫ్‌తో తుడిచి, తన ఇంగ్లిష్‌లో అన్న మాట ఇది: "రాకుండా ఎలా తల్లీ? నువ్వు కప్పు గెలవకపోతే, మేం ఎవరి చేతిలో ఓడిపోయామని గొప్పగా చెప్పుకోవాలి?"