కాలవ నీళ్లలో నేర్చిన కూత

మా చిన్నప్పుడు... ఇంకా పొద్దు పొడవకముందే తొమ్మిది మందిమి కాలవలో మెడలోతు నీళ్లలో నిలబడేవాళ్లం. గట్టు మీద మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు రంగారావు గారు. "ఊఁ, మునగండర్రా" అనేవారు. మునిగేవాళ్లం. ఆయన పైన నింపాదిగా అంకెలు లెక్కపెట్టేవారు...

ఇదంతా చెడుగుడు కోసం. ఆ ఆటకి కూతే ప్రాణం కదా. "చెడుగుడు చెడుగుడు" అంటూ ఒకే గుక్కలో అవతలివాళ్ల బరిలోకి వెళ్లి, మనిషిని ముట్టుకుని, కూత తెగకుండా గీత దాటి రావాలి. నీళ్లలో ఊపిరి నిలిస్తే ఒడ్డున కూత అదే నిలుస్తుందని మాస్టారి నమ్మకం.

అరవై పూర్తికాకుండా ఎవడైనా తల పైకెత్తాడో, ఆయన పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగి, మెడ మీద చెయ్యేసి తొక్కిపట్టేవారు. ఆ చెయ్యి కింద గిలగిల కొట్టుకోవడం నాకిప్పటికీ గుర్తే... కళ్లనిండా బురదనీళ్లు, చెవుల్లో హోరు. పైకి రానిస్తారా, రానివ్వరా అని భయం.

వదిలేసి పోవచ్చు కదా అంటారేమో. ఎక్కడికండీ పోవడం? మూడేళ్లు వరసగా కాకినాడ జట్టుని ఓడించి కప్పు తెచ్చిన మనిషి ఆయన. బజారులో నడిచి వస్తుంటే వకీళ్లు కూడా లేచి దణ్ణం పెట్టేవారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు నాన్నతో, "ఆ మాస్టారు నీళ్లలో ముంచేస్తున్నారు నాన్నా, నేనింక ఆడను" అని ఏడ్చాను. నాన్న నవ్వేసి, మర్నాడు అరటిగెల భుజానికెత్తుకుని నాతో పాటు మాస్టారింటికే వచ్చారు. "మావాణ్ణి మీ చేతుల్లో పెట్టానండి. చంపుతారో, మనిషిని చేస్తారో మీ ఇష్టమండి" అన్నారు. అంతే, ఆ దారీ మూసుకుపోయింది.

మా జట్టులో దేవదానం అని ఒకడు ఉండేవాడు. పాలేరు కొడుకు. మిషను బోర్డింగులో ఉండి మాతో చదువుకునేవాడు. బడిపంతులు కావాలని వాడి ఆశ. ఆ బోర్డింగులో చోటు ఇప్పించింది మాస్టారే. అందుకేనేమో వాణ్ణి మాకంటే ఎక్కువసేపు తొక్కిపట్టేవారు... వాడు కిక్కురుమనేవాడు కాదు.

ఆ వానాకాలం వాడి చెవులు చీము పట్టాయి. వెల్లుల్లి కాచిన నూనె పోసి దూది పెట్టాం. మాస్టారు ఆ దూది లాగి అవతల పారేసి, మళ్లీ దింపారు. కొన్నాళ్లకి వాడు పిలిస్తే పలకడం మానేశాడు. భుజం తట్టి చెప్పాల్సి వచ్చేది.

ఈ సంగతి ఎవరు చేరవేశారో గానీ, హెడ్మాస్టరు గారు నన్ను రమ్మన్నారు. జట్టుకి కెప్టెన్ని నేనే మరి. గది బయట దేవదానం నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పకురా, నీకు దణ్ణం పెడతాను. బోర్డింగులోంచి పంపేస్తార్రా నన్ను" అన్నాడు.

లోపల హెడ్మాస్టరు గారు మెల్లగా అడిగారు. "మీ మాస్టారు పిల్లల్ని నీళ్లలో తొక్కిపడుతున్నారట, నిజమేనా? భయపడకు, నేనున్నాను."

"లేదండి. సరదాకి మేమే మునుగుతామండి" అన్నాను.

దేవదానం కోసమే అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ ఏడు కప్పు అందుకునేది కెప్టెన్నైన నేను. ఆ ఆశా ఉంది... సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆ ఏడూ పడవెక్కి కాకినాడ వెళ్లాం. ఆట చివరికొచ్చింది. దేవదానం కూతకి వెళ్లాడు. బరి మధ్యలో వాడి గొంతు సన్నబడి ఆగిపోయింది. పెదాలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. కూత తెగిందని వాడికి తెలియదు, వాడి గొంతు వాడికే వినపడటం లేదు. అంపైరు ఔటన్నదీ వినపడలేదు. ఇద్దర్ని ముట్టుకుని, గీత దాటొచ్చి, గెలిచాననుకుని చేతులు పైకెత్తి నవ్వాడు. జనం పగలబడి నవ్వారు. మాస్టారు వచ్చి అందరి ముందూ వాడి చెంప పగలగొట్టారు.

తర్వాత కూతకి నేను వెళ్లి ముగ్గుర్ని కొట్టొచ్చాను. కప్పు మాదే. పడవలో మాస్టారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. దేవదానం చివర్లో ఒక్కడే కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే వాణ్ణి బోర్డింగులోంచి పంపేశారు. పాఠం వినపడనివాడికి చదువేమిటన్నారు. అప్పుడైనా హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పానా? లేదు.

ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన పడింది. అవతలి ఒడ్డుకి చిటికెలో పోతున్నాం. మొన్నీమధ్య నిడదవోలు స్టేషనులో తలపాగా చుట్టుకున్న కూలీ ఒకడు నన్ను చూసి, "ఒరేయ్ కెప్టెనూ" అని కేకేశాడు. దేవదానం. చెవులు పూర్తిగా పోయాయి, అందుకని పెద్దగా అరిచి మాట్లాడుతున్నాడు. "మాస్టారు బాగున్నారట్రా? ఆయన చలవే గానీ, లేకపోతే నేను కాకినాడ చూసేవాణ్ణా?" అన్నాడు.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పకుండా ఉండాల్సిందిరా. నీ చెవులు నిలిచేవి" అన్నాను. మళ్లీ అన్నాను, గట్టిగా. వాడు నా పెదాల వంకే చూసి, ముఖమంతా నవ్వు చేసుకుని తలూపాడు.

"అవున్రా... ఆ ఏడు కూడా కప్పు మనదే" అన్నాడు.

ఇప్పుడు ఆ కాలవలో ఎవరూ పిల్లల్ని ముంచడం లేదు. ఆ కప్పు మాత్రం మా హైస్కూలు అద్దాల బీరువాలో ఇంకా తళతళలాడుతూనే ఉంది. మీ బడిలోనూ ఇలాంటి కప్పు ఉంటే దాని వెనక కథ చెప్పండి... మీకూ ఒక దేవదానం ఉంటే మాత్రం, ముందు వాడికి చెప్పండి. వాడికి ఇంకా వినపడుతుండగానే.