తెర మీద పెట్టిన కొంగు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం నన్ను పోలీసు వైర్‌లెస్ విభాగం నుంచి చౌటుప్పల్ వైపు సైబర్ డెస్కుకు మార్చారు. హోదా అదే, సబ్ ఇన్‌స్పెక్టర్. పేరుకు డెస్కు గాని, ఉన్నది ఒక గది, నేను, ఒక కానిస్టేబుల్. వచ్చేవన్నీ ఫోన్లో ఓటీపీ చెప్పి మోసపోయినవాళ్ల దరఖాస్తులు. చెప్పొద్దని ఎంత మొత్తుకున్నా చెప్పేవాళ్లు, తర్వాత మా మీద చికాకు పడేవాళ్లు. ఆ చలికాలంలో వచ్చిన ఒక దరఖాస్తు మాత్రం వేరు.

ఇచ్చింది సత్తయ్య అనే చేనేత కార్మికుడు. చీర కొంగుకు తాను గీసిన కొత్త డిజైన్‌ను ఇంటి కంప్యూటర్లోంచి ఎవరో దొంగిలించారని, తన చీర మగ్గం దిగకముందే అదే డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేసిన చీరలు బజారుకు వచ్చాయని రాశాడు. అనుమానితుడి గడిలో సొంత తమ్ముడు లింగస్వామి పేరు ఉంది.

వాళ్ల పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. ఆ చీరల్లో బొమ్మ నేతలో పుట్టదు, నూలులోనే పుడుతుంది. డిజైన్ లెక్క ప్రకారం నూలును అక్కడక్కడ రబ్బరుతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. దాన్ని చిటికి కట్టడం అంటారు. సత్తయ్య గీసేవాడు, లింగస్వామి మందుల కంపెనీలో షిఫ్టు చేసి వచ్చి చిటికి కట్టేవాడు. కొత్త డిజైన్‌ను మొదటి చీర మగ్గం దిగేదాకా బయటివాళ్ల కంట పడనివ్వకపోవడం వాళ్ల కట్టుబాటు. గళ్ల కాగితం మీద గీసే రోజుల్లో దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసేవారు.

ఇలాంటి వాటికి మేం వెంటనే కేసు కట్టం. ముందు పిటిషన్ విచారణ చేస్తాం, నేరం జరిగినట్టు తేలితేనే ఎఫ్ఐఆర్. కాని నేను వెళ్లేసరికే ఊళ్లో విచారణ అయిపోయింది. కుల పెద్దలు పంచాయితీ పెట్టి లింగస్వామిని నిలబెట్టి అడిగారు. అతను కాదన్నాడు, ఎవరూ నమ్మలేదు. భార్యను తీసుకొని చౌటుప్పల్‌లో కిరాయి గదికి వెళ్లిపోయాడు. మా సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కూడా ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని నవ్వి, తమ్ముణ్ణి పిలిపించి గట్టిగా అడగమన్నాడు. ఆ సామెతంటే నాకప్పటి నుంచే గిట్టదు. దొంగ ఇంట్లోవాడేనని అది ముందే తేల్చేస్తుంది.

కంప్యూటర్ మగ్గం గదిలోనే, దుమ్ము పడకుండా పాత చీర ముక్క కప్పి ఉంది. మీట నొక్కగానే తెరుచుకుంది. పాస్‌వర్డ్ లేదు, ఎవరి ఖాతా వారికి లేదు. ఇదేమిటమ్మా అని సత్తయ్య భార్య అండాలును అడిగాను.

"ఇంట్ల మనుషులకు తాళమేంది సార్? పొద్దుందాక పదిమంది అచ్చుడు పోవుడు ఉంటది మగ్గం కాడికి" అంది.

సత్తయ్యకు మాత్రం సందేహమే లేదు. "గా డబ్బా తెచ్చింది వాడే, బిగిచ్చింది వాడే. దాని మర్మం ఇంకెవనికి ఎరుక సార్?" అన్నాడు.

లోపల చూస్తే నాకూ అనుమానం తగిలింది. దూరం నుంచి ఈ కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్ ఒకటి అందులో ఉంది. దాన్ని పెట్టింది లింగస్వామే. దసరా పండుగకు ముందు ఒకసారి కంపెనీ నుంచే లోపలికి వచ్చినట్టు నమోదైంది కూడా. పిలిచి అడిగితే, ప్రింటర్ పనిచేస్తలేదని వదిన ఫోన్ చేస్తే బాగుచేశానన్నాడు. అండాలు అవునంది. కాని ఆ దారిలో ఫైలు తీసుకోలేదని నేను రుజువు చేయలేను. అతను నా బల్ల ముందు నిలబడి ఒక్క మాటే అన్నాడు.

"ఆ నూలు నేనే గట్టిన సార్. డిజైన్ నా చేతులల్లనే ఉన్నది. కంప్యూటర్ల జొరబడి దొంగతనం చేసే అక్కర నాకేంది?"

సబబైన మాటే. కాని సబబైన మాట సాక్ష్యం కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు తెర మీది బొమ్మను గమనించాను. తెర నిండా ఆ కొంగు డిజైనే, గళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. ఎప్పుడు పెట్టారని అడిగితే దసరాకన్నాడు సత్తయ్య. ఆయుధపూజ రోజు మగ్గానికి బొట్టు పెట్టినట్టే కంప్యూటర్‌కూ పెట్టారు. పూజలో తెర నల్లగా, బోసిగా ఉండకూడదని ఆ ఏటి పనిని దాని మీద నిలిపారు. తర్వాత పూజ ఫొటోయే కదా అని తీసి కులపోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో నేసేవాళ్లతో పాటు చీరలు కొనే సేట్లు, వాళ్ల గుమస్తాలూ ఉన్నారు. బండిమీద తాళం చెవి వదిలేసి బండి పోయిందని వచ్చేవాళ్ల మీద వచ్చే కోపమే వచ్చింది నాకు.

ఫొటో తెప్పించి, బజారులో కొన్న అచ్చు చీర కొంగును పక్కన పరిచాను. సత్తయ్య గీసిన కొంగులో హంసలన్నీ ముందుకు చూస్తాయి, కుడివైపు పై మూలది ఒక్కటి వెనక్కి తిరిగి ఉంటుంది. అది ఆయన పెట్టుకున్న గుర్తు. అచ్చు చీరలో అదీ ముందుకే చూస్తోంది. ఫొటోలో ఆ మూల మీద బంతిపూల దండ వేలాడుతూ ఉంది. కాపీ చేసినవాడికి ఆ హంస కనపడలేదు, మిగతావాటిలాగే వేసేశాడు. ఫైలు చూసినవాడు, చిటికి కట్టినవాడు ఆ పొరపాటు చేయడు.

నేను చెప్పేలోపే సత్తయ్యకు అర్థమైంది. మగ్గం గుంత అంచున కూలబడ్డాడు. అండాలు ఏడవలేదు. "పంచాయితీకి పోకముందు గీ చీరె ఒక్కపారి సక్కగ చూడకపోతివి" అంది, అంతే. ఆ గదిలో ఎక్కువసేపు ఉండలేకపోయాను.

చేయాల్సినవి చేసే వచ్చాను. ఇంట్లో ఎవరి ఖాతా వారికి పెట్టి, పాస్‌వర్డ్‌లు పెట్టించాను. దూరం నుంచి నడిపే ప్రోగ్రామ్ తీసేశాను. మనిషి లేచి వెళ్తే తెర దానంతటదే మూసుకునేలా పెట్టాను. డిజైన్లు వేరే డిస్కులోకి ఎక్కించి పెట్టెలో పెట్టుకోమన్నాను. తెర మీద దేవుడి బొమ్మో పిల్లల బొమ్మో పెట్టుకోండి గాని చేస్తున్న పని పెట్టొద్దన్నాను. ఇవేం బ్రహ్మవిద్య కావు.

ఫొటోను ఎవరు వాడుకున్నారో తేలలేదు. గ్రూపు నుంచి అది ఎన్ని చేతులు మారిందో కనుక్కోవడం మా వల్ల కాలేదు. కంప్యూటర్లోకి చొరబాటు జరగలేదని, లింగస్వామి మీద ఆరోపణకు ఆధారం లేదని రాసి పిటిషన్ మూసేశాం. సత్తయ్య తమ్ముడి గదికి పోయి బతిమాలాడు. లింగస్వామి చాయ తాగించి పంపాడు గాని వెంట రాలేదు. చిటికి కట్టే మనిషి లేక ఆ మగ్గం మీద తర్వాత సాదా చీరలే నేశారని విన్నాను.

లింగస్వామి మాత్రం ఒకసారి మా ఆఫీసుకు వచ్చాడు. "గా కాగితం మా పెద్దమనుషుల ముంగట చదువుతరా సార్?" అని అడిగాడు. మా విధానంలో అది లేదు. అయినా పెద్దమనుషులకు నేనే ఫోన్ చేశాను. అయిపోయిన ముచ్చట మళ్లీ ఎందుకు సార్ అన్నారు. ఆ మాట అతనికి చెప్పాను. తలూపి వెళ్లిపోయాడు.

ఆ విచారణ నుంచి నేను నేర్చుకున్నది ఇది. ఆరోపణ పదిమంది ముందు జరుగుతుంది, దాని కొట్టివేత ఫైల్లో ఉండిపోతుంది. అందుకే రిటైరయ్యేదాకా ఏ ఇంటికి వెళ్లినా ముందు యంత్రం చూశాను. ఎవరి మీద అనుమానమని అది చూసేదాకా ఎవరినీ అడగలేదు, చెప్పబోతే ఆపేశాను.